ముందురోజు ముద్ద

నా ఫోన్లో ‘దసరా, అమ్మానాన్న ఫస్ట్ ట్రిప్’ అని ఒక ఆల్బమ్ ఉంది. మొత్తం 84 ఫోటోలు. రెండేళ్ళ క్రితం అమ్మానాన్న మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు మా ఫ్లాట్‌లో తీసినవి. నేనుండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. ఇక్కడ మనవాళ్ళకి కొదవలేదు. ఆ రోజు భోజనానికి 14 మంది ఫ్రెండ్స్ వచ్చారు. మెనూ నేనే చెప్పా: పూరీ, బంగాళాదుంప కూర, సేమ్యా పాయసం. ‘అమ్మా, నీ పూరీల గురించి ఏడాది నుంచీ ఊరిస్తున్నా, పరువు నిలబెట్టాలి’ అన్నా.

పూరీ సంగతి మీకు తెలుసు కదా. మూకుట్లోంచి తీశాక రెండు నిమిషాలే దాని ఆయుష్షు. పొంగు దిగిందంటే అది పూరీ కాదు, తోలు. అందుకని అమ్మ వేస్తూనే ఉంది, మేం తింటూనే ఉన్నాం. ‘ఆంటీ, ఇంకో రెండు’, ‘ఆంటీ, మీరు ఇక్కడే ఉండిపోండి’, ఇదీ వరస. నేను కూడా మూడుసార్లు వంటింట్లోకి వెళ్ళా. ఖాళీ పళ్ళెంతో వెళ్ళి నిండు పళ్ళెంతో వచ్చా.

వాళ్ళు తెనాలి వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి, ఆన్‌కాల్‌లో ఉన్న ఒక రాత్రి, ఏదో సర్వర్ తిరిగి లేచేదాకా నిద్ర ఆపుకోవడానికి ఆ ఆల్బమ్ తెరిచా. ఒక్కొక్కటే జరుపుతూ పోయా. అందరూ ఉన్నారు. నాన్న నాలుగు భంగిమల్లో ఉన్నారు. అమ్మ లేదు. మళ్ళీ మొదటినుంచీ చూశా. 57వ ఫోటోలో దొరికింది. మా ఫ్రెండ్ ఒకడు నోరు తెరిచి పూరీ తింటున్నాడు, వాడి వెనక ఫ్రేము అంచున చిల్లుల గరిటె పట్టుకున్న ఒక చెయ్యి. గాజుల్ని బట్టి అది అమ్మ చెయ్యి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అమ్మ తిన్నది మూడున్నరకి. కూర గిన్నె అప్పటికే ఊడ్చేశాం. సింకు పక్కన నిలబడి, చల్లారిపోయిన రెండు పూరీలు ఆవకాయతో తింది. నేను చూశా కూడా. ‘కూర అయిపోయిందా, అయ్యో’ అని టీవీ దగ్గరికి వెళ్ళిపోయా.

తర్వాతి సంవత్సరం అమ్మ ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. చిప్ప మార్చారు. నాకు ఆపరేషన్ అయ్యాకే చెప్పారు, ‘నువ్వక్కడ కంగారు పడతావని’. ఎక్కువసేపు నిలబడకూడదని డాక్టర్ అన్నారట. ‘నిలబడకుండా వంటెట్లా చేస్తారమ్మా’ అని అమ్మ ఆయన్నే తిరిగి అడిగిందట.

నిరుడు జూన్‌లో ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఈసారి ఒక నియమం పెట్టుకున్నా: పార్టీల్లేవు, పూరీల్లేవు. నవంబరు దాకా అది బాగానే నడిచింది.

మా కింది ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటారు. నర్సుగా పనిచేసి రిటైరయ్యారు, ఒక్కరే ఉంటారు. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి ఇంగ్లీషు రాదు. ఇద్దరూ రోజూ సాయంత్రం కరివేపాకు కుండీ దగ్గర నిలబడి అరగంట మాట్లాడుకునేవాళ్ళు, ఎవరి భాషలో వాళ్ళు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే అమ్మ మొత్తం చెప్పేది. ‘ఆవిడ తమ్ముడు ఫ్లోరిడాలో ఉంటాడట, మాట వినడట.’ ఎలా అర్థమైందో నాకిప్పటికీ తెలీదు. కనుక్కుంటే నిజమే.

ఆవిడ ప్రతి ఏడాదీ థాంక్స్‌గివింగ్‌కి మా బిల్డింగ్‌లో ఇంటివాళ్ళకి దూరంగా ఉన్నవాళ్ళందర్నీ భోజనానికి పిలుస్తారు. మనలో చాలామందికి థాంక్స్‌గివింగ్ అంటే లాంగ్ వీకెండ్, ఆ మర్నాడు టీవీల మీద డిస్కౌంట్లు. వీళ్ళకి మాత్రం ఇంటిల్లిపాదీ ఒక బల్ల చుట్టూ కూర్చోవలసిన రోజు. 1863లో లింకన్ దేశమంతా జరుపుకోవాలని ప్రకటించాడు, నవంబరులో నాలుగో గురువారమే అని 1941లో చట్టం చేశారు. మన సంక్రాంతికి అరిసెలెలాగో, ఆ రోజు బల్ల మీద టర్కీ, గ్రేవీ, క్రాన్‌బెర్రీ సాస్, గుమ్మడికాయ పై అలా ఉండి తీరాలి. వాటితోపాటు మ్యాష్డ్ పొటాటోస్. ఉడికించిన దుంపల్ని వెన్న, పాలు పోసి మెత్తగా మెదిపిన ముద్ద. 1621లో ప్లిమత్‌లో జరిగిన మొదటి విందు అని వీళ్ళు చెప్పుకునేదాంట్లో బంగాళాదుంప లేనే లేదు, తర్వాత వచ్చి చేరింది. మిరపకాయ మనకి తర్వాతే వచ్చింది కదా, ఇప్పుడు అది లేని గుంటూరుని ఊహించండి.

ఎవరేం తెస్తారో రాయమని ఆవిడ మెయిల్‌బాక్సుల దగ్గర ఒక కాగితం అంటించారు. అన్నీ నిండాయి, మ్యాష్డ్ పొటాటోస్ గీత ఒక్కటే ఖాళీ. అమ్మ మాంసం ముట్టదు. (నాన్న కూడా ముట్టరు, ఇంట్లో.) ఆ బల్ల మీద అమ్మ నిశ్చింతగా తినగలిగింది ఒక్కటైనా ఉండాలంటే అది నా చేతిలో ఉండాలి. ఎందుకంటే ఇక్కడ దుంపల్లో కూడా కోడి రసం పోసి ఉడికించేవాళ్ళుంటారు. పేరు రాసేశా. 15 మందికి.

రెండ్రోజులకి లాండ్రీ రూమ్‌లో ఆవిడ పట్టుకున్నారు. ‘గురువారం పొద్దున్న నువ్వు దుంపలు చెక్కు తీస్తూ కనిపించకూడదు. బుధవారమే చేసి ఫ్రిజ్‌లో పెట్టెయ్యి. గురువారం వేడి చేసుకుని రా’ అన్నారు. కారణం కూడా చెప్పారు. 15 పౌండ్ల టర్కీకి 325 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర దాదాపు 4 గంటల ఓవెన్ కావాలి. ఆ నాలుగు గంటలూ ఓవెన్ ఖాళీ ఉండదు. టర్కీ బయటికి తీశాక మిగిలేది అరగంట, ఆ అరగంటలో గ్రేవీ కాచాలి, పక్షిని కొయ్యాలి. సరిగ్గా అప్పుడే ఒకడు స్టవ్ దగ్గర నిలబడి చెమటలు కక్కుతూ దుంపలు కుమ్ముతుంటాడు, అందరూ కూర్చున్నాక ఆఖరున వస్తాడు. ‘ముప్ఫై ఏళ్ళు ఆ ఒకడిని నేనే’ అన్నారావిడ.

మా ఆఫీసులో థాంక్స్‌గివింగ్ వారం కోడ్ ఫ్రీజ్ ఉంటుంది. కొత్త కోడ్ ఏదైనా ముందే పంపేయాలి, పండగ రోజు ఎవరూ ప్రొడక్షన్ ముట్టుకోకూడదు. ఇదీ అదే కదా అనుకున్నా. కానీ ఇంట్లో నా రిలీజ్‌కి అప్రూవల్ ఇవ్వాల్సింది అమ్మ.

‘నిన్నటి వంట పిలిచినవాళ్ళకి పెడతారా?’ అంది.

‘అమ్మా, ఇక్కడ అందరూ అలాగే...’

‘చద్ది మనం తినాలి. వచ్చినవాళ్ళకి పెట్టకూడదు. అందులోనూ దుంప. వాతం.’

నేను తెలివిగా పులిహోర ప్రస్తావన తెచ్చా. ముందురోజు చేసిన పులిహోరే రుచని నువ్వే అంటావు కదా అని. అమ్మ నావైపు ఎలా చూసిందంటే, ఎంసెట్ ర్యాంకు చెప్పిన రోజు కూడా అంత జాలిగా చూళ్ళేదు. ‘దాంట్లో చింతపండు ఉంటుంది, నూనె ఉంటుంది, తడి ఉండదు. దీంట్లో పాలు పోస్తానంటున్నావు. రెండూ ఒకటేనా?’

ఒకటి కాదు. పులుపు ఉన్నచోట చెడగొట్టే సూక్ష్మజీవులు అంత తేలిగ్గా పెరగవు. పాలు, ఉడికిన దుంప వాటికి పెళ్ళి భోజనం. ఇక్కడి ప్రభుత్వ ఆహార భద్రతవాళ్ళు చెప్పే లెక్క కూడా అమ్మ మాటకి దగ్గరగానే ఉంటుంది. ఇలాంటివి గది వేడిలో 2 గంటలకి మించి ఉండకూడదు. 4 డిగ్రీల సెల్సియస్‌కి మించని ఫ్రిజ్‌లో పెట్టాలి, మూడు నాలుగు రోజుల్లో తినెయ్యాలి, మళ్ళీ వేడి చేసేటప్పుడు మధ్యలో కూడా 74 డిగ్రీలు తగలాలి. ఇదంతా చదివి వినిపించా. ‘ఇన్ని జాగ్రత్తలు పడే బదులు పొద్దున్నే లేచి చేస్తే పోలా?’ అంది. ‘నాలుగింటికి నేను లేస్తాను.’

అదే నాక్కావలసింది కాదు. నాలుగింటికి లేచి స్టవ్ ముందు నిలబడతాను అనే మాటే ఈసారి వినపడకూడదనుకున్నా. కానీ అప్పుడు ఆ మాట చెప్పలేదు. ‘సరే, ఆదివారం ట్రయల్ వేస్తా, చూసి చెప్పు’ అన్నా.

ఆదివారం ట్రయల్ గురించి ఎక్కువ చెప్పను. చేతిలో పెద్ద మిక్సీ ఉన్నప్పుడు పప్పుగుత్తి ఎవడు పట్టుకుంటాడు? రస్సెట్ దుంపలు ఉడకబెట్టి, చెక్కు తీసి, మిక్సీ జార్‌లో వేసి ఒక్క నిమిషం తిప్పా. జార్ వంచితే పడదు. గరిటెతో లాగితే మూరెడు సాగింది. నాన్న వేలితో ముట్టుకుని చూసి, ‘మా చిన్నప్పుడు సినిమా పోస్టర్లు దీంతోనే అంటించేవాళ్ళు’ అన్నారు. ఆయన తప్పేం మాట్లాడలేదు. మైదా ఉడికించిన బంకలో పని చేసేది పిండి పదార్థమే, ఇక్కడా అదే. దుంపలో పిండి చిన్న చిన్న గింజలుగా, కణాల గదుల్లో భద్రంగా ఉంటుంది. ఉడికితే ఆ గింజలు నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి, కానీ గది గోడ నిలిచినంతసేపు లోపలే ఉంటాయి. మెల్లగా మెదిపితే గదులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి, అంతే. మిక్సీ బ్లేడు గదుల్నే కోసేస్తుంది. ఆ పిండంతా బయటికొచ్చి ఒకదానికొకటి పట్టుకుంటుంది. ఇంక దాన్ని వెనక్కి తీసుకెళ్ళే బటన్ లేదు.

నేను పారేయబోయా. అమ్మ పారేయనిస్తుందా? బియ్యప్పిండి, వాము, కారం, ఉప్పు వేసి కలిపి, సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చుకున్న జంతికల గొట్టం తీసింది. పావుగంటలో ఆలూ జంతికలు. నోట్లో వేసుకుంటే కరిగిపోయాయి. బ్రహ్మాండం అంటూ నాలుగు తిన్నాక గమనించా: అమ్మ మళ్ళీ మూకుడు ముందు నిలబడి ఉంది, ఎడమ కాలి మీద బరువు వెయ్యకుండా పక్కకి ఒరిగి. నేను మళ్ళీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నా.

గరిటె తీసుకుని కూర్చోమన్నా. ‘నువ్వు మాడుస్తావు’ అంది. మాడ్చా కూడా.

కానీ ఆ జంతికల గొట్టం చూస్తే ఒకటి తట్టింది. ఇక్కడివాళ్ళు మ్యాష్డ్ పొటాటోస్ నున్నగా రావడానికి రైసర్ అని ఒక పరికరం వాడతారు. ఉడికిన దుంపని లోపల పెట్టి నొక్కితే చిల్లుల్లోంచి సన్నగా రాలుతుంది, కోత ఉండదు, రుద్దుడు ఉండదు. చూస్తే మన జంతికల గొట్టమే. సన్న కారప్పూస బిళ్ళ వేస్తే సరి. 30 డాలర్లు మిగిలాయి. నాన్నకి ఉద్యోగం దొరికింది.

మంగళవారం రెండో ట్రయల్. ఈసారి చదువుకుని దిగా. దుంప మార్చా. రస్సెట్‌లో పిండి ఎక్కువ, మెత్తగా వస్తుంది కానీ నీళ్ళు తాగేస్తుంది. యూకాన్ గోల్డ్ మధ్యరకం. లోపల పసుపు రంగు, వెన్న వెయ్యకముందే వెన్న వేసినట్టుంటుంది. కెనడాలో గుయెల్ఫ్ విశ్వవిద్యాలయంలో గ్యారీ జాన్‌స్టన్ అనే ఆయన బృందం పెంచిన రకం అది, 1980లో విడుదలైంది. ముక్కలు చన్నీళ్ళలో వేసి అప్పుడు స్టవ్ వెలిగించాలి. మరిగే నీళ్ళలో వేస్తే లోపల ఉడికేలోగా పైన చితికిపోతుంది. నీళ్ళు వంచేశాక ఖాళీ గిన్నెలో రెండు నిమిషాలు సన్న సెగ మీద ఆరబెట్టాలి. వేడివేడిగా గొట్టంలో పెట్టి నొక్కాలి. ముందు వెన్న కలపాలి, తర్వాతే వేడి పాలు. వెన్న ముందు వెళితే పిండి చుట్టూ పూతలా పడుతుందని, బంక కట్టడం తగ్గుతుందని వంటవాళ్ళు చెప్తారు.

వెన్న ఎంత అనేది ఎవరి గుండె ధైర్యం వాళ్ళది. పారిస్‌లో ఈ ముద్దతోనే పేరు తెచ్చుకున్న షెఫ్ జోయెల్ రోబుషోన్ రెసిపీలో కిలో దుంపలకి పావుకిలో వెన్న. అది అమ్మకి చదివి వినిపిస్తే, ‘ఇది కూరా, కోవానా?’ అంది. నేను దాంట్లో సగం వేశా. మంగళవారం రాత్రి వేడిగా తింటే అద్భుతం. నాన్న గిన్నె నాకినంత పని చేశారు. ఫ్రిజ్‌లో పెట్టి, బుధవారం పొద్దున్నే తీసి చూశా.

గోడకి పూసే పుట్టీ. గరిటె దిగలేదు. ఓవెన్‌లో పెట్టి వేడి చేస్తే మెత్తబడింది కానీ నోట్లో రవ్వరవ్వగా తగిలింది. పాలు పోస్తే పాలు ఒకపక్క, ముద్ద ఒకపక్క. టైమ్ చూస్తే ఎనిమిదిన్నర. తొమ్మిదింటికి మీటింగ్. రాత్రికి అసలు వంట, మర్నాడు 15 మంది. నీరసం వచ్చి బల్ల దగ్గర కూర్చుండిపోయా.

అమ్మ వచ్చి, ఆ ముద్దని వేలితో నొక్కి చూసింది.

‘రాత్రి ఎంత గట్టిగా చేశావు?’

‘ఎంత కావాలో అంతే చేశా. కరెక్ట్‌గా వచ్చింది కదా, నువ్వూ చూశావు కదా.’

‘అదే మరి. రాత్రి సరిగ్గా ఉంటే పొద్దుటికి గట్టిపడదూ? తిరపతి వెళ్ళేటప్పుడు పెరుగన్నం ఎట్లా కడతాం?’

మా ఇంట్లో రైలు ప్రయాణమంటే పెరుగన్నం డబ్బా తప్పదు. రాత్రి కలిపితే మర్నాడు మధ్యాహ్నానికి తినాలి. అమ్మ అన్నాన్ని మెత్తగా మెదిపి, అది ములిగేలా పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు మాత్రం వేస్తుంది. కలిపినప్పుడు చూస్తే జావలా ఉంటుంది, ఇదేం పెరుగన్నం అనిపిస్తుంది. రైల్లో మూత తీసేసరికి కమ్మగా, సరిగ్గా ముద్దకొచ్చేలా ఉంటుంది. పెరుగు ఎక్కువ వేస్తే పులిసిపోతుంది, పాలు తక్కువైతే గడ్డకడుతుంది. ఈ లెక్క అమ్మకి ఎవరూ చెప్పలేదు.

తర్వాత చదివితే, సైన్సు కూడా అదేనని తెలిసింది. ఉడికినప్పుడు విడిపోయిన పిండి అణువులు చల్లారేకొద్దీ మళ్ళీ ఒకదాని పక్కన ఒకటి వరసగా సర్దుకుంటాయి, మధ్యలో ఉన్న నీళ్ళని బయటికి నెట్టేస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాటికి పలుకులు కట్టేది అందుకే. ఆ సర్దుకోవడాన్ని పూర్తిగా ఆపలేం. గట్టిపడాక పాలు పోయడం వేరు, గట్టిపడుతుందని తెలిసి ముందే పోయడం వేరు. కొవ్వు దండిగా ఉంటే కొంత అడ్డుపడుతుంది, అందుకే ముందురోజు చేసేవాళ్ళు క్రీమ్ చీజ్ కూడా వేస్తారు.

అతిథులకి చద్ది పెట్టకూడదన్న మనిషే, ముందురోజు చేసి పెట్టే విద్యలో మా అందరికంటే ఎంతో ముందుందని నాకు అప్పుడు అర్థమైంది. ఆవకాయ ఏడాది ముందు పెడుతుంది. వడియాలు ఎండాకాలంలో పెట్టి వానాకాలంలో వేయిస్తుంది. బూరెల్లోకి పూర్ణం ముందురోజే చుట్టి పెడుతుంది. పండగ రోజు మాత్రం అన్నీ వేడివేడిగా, అప్పటికప్పుడు, తను నిలబడి చేస్తేనే మర్యాద అనుకుంటుంది. పక్కవాళ్ళ ఆకు ఖాళీగా ఉంటే తన ఆకు ముందు కూర్చోలేదు.

బుధవారం రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టాం. లెక్క కావలసినవాళ్ళ కోసం చెప్తున్నా: 8 పౌండ్ల యూకాన్ గోల్డ్, అంటే సుమారు 3.6 కిలోలు. వెన్న 4 స్టిక్కులు, అంటే 450 గ్రాములు. క్రీమ్ చీజ్ రెండు డబ్బాలు, అదో 450 గ్రాములు. సగం పాలు సగం క్రీమ్ కలిసినవి లీటరు పైచిలుకు. ఉప్పు అమ్మ చేతిలో. నాన్న బనీను మీద టవల్ వేసుకుని జంతికల గొట్టం తిప్పారు. దుంపలు వేడిగా ఉండగానే నొక్కాలి కాబట్టి నాలుగు వాయిలుగా ఉడికించాం. మూడో వాయికి ‘ఇంజనీరింగ్ చదివించింది ఇందుకా’ అన్నారు. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టా. కూర్చునే పెత్తనం చేసింది. ‘ఇంకా పోయి. ఇంకా. భయపడకు, పోయి.’ నేను సరిపోయిందనుకున్న చోట ఇంకో గ్లాసున్నర పోయించింది. గరిటెతో ఎత్తితే జారుతోంది. ఇడ్లీ పిండి లెక్కన ఉంది. వెడల్పాటి రెండు ట్రేలలో పలచగా సర్ది, ఆవిరి పోగానే మూతేసి ఫ్రిజ్‌లో పెట్టేశా. లోతు గిన్నెలో పెడితే మధ్యలో చల్లారడానికి గంటలు పడుతుంది, అదే ప్రమాదం. పదకొండింటికి అందరం పడుకున్నాం.

గురువారం పొద్దున నాలుగింటికి మెలకువ వచ్చింది. వంటింట్లో లైటు లేదు. అమ్మ గదిలోంచి గురక వినపడింది. చాలాసేపు నిద్రపట్టలేదు నాకు.

పదకొండింటికి ఓవెన్ వెలిగించా. అంతకుముందు ఓవెన్‌లోంచి మూకుళ్ళు, పెనాలు, అప్పడాల డబ్బా బయటికి తీశా. అమెరికాలో మన ఇళ్ళల్లో ఓవెన్ అంటే బీరువా కదా. ఫాయిల్ కప్పి 350 డిగ్రీల ఫారన్‌హీట్‌లో పెట్టి, సగంలో ఒకసారి కలిపితే ముప్పావుగంటకి మధ్యలో కూడా కాలేంత వేడెక్కింది. గరిటె వేసి లాగితే నిన్నటి జారుడు లేదు, మొన్నటి పుట్టీ లేదు. మీగడ. దాన్ని ఇన్‌స్టంట్ పాట్‌లోకి మార్చి, వెచ్చగా ఉంచే బటన్ నొక్కి, అలాగే కిందికి మోసుకెళ్ళా. చల్లటిదాన్ని నేరుగా ఆ మోడ్‌లో పెట్టకండి, అది వేడి నిలపడానికే కానీ వేడెక్కించడానికి సరిపోదు.

పెద్దావిడ ఇంట్లో వడ్డించేవాళ్ళుండరు. అన్నీ ఒక బల్ల మీద పెడతారు, ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకుని ఇంకో బల్ల దగ్గర కూర్చుంటారు. అమ్మ అలవాటుగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది. లోపల స్టవ్ ఆపేసి ఉంది. అటూ ఇటూ చూసింది. చెయ్యడానికి ఏమీ లేదు. పెద్దావిడ వచ్చి అమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఇంగ్లీషులో ఏదో చెప్పి, కుర్చీ వెనక్కి లాగి కూర్చోబెట్టారు. అమ్మ ‘మీరూ కూర్చోండి, మీరు కూర్చుంటేనే’ అంది తెలుగులో. ఆవిడ పక్కనే కూర్చున్నారు.

అమ్మ ఒక చెంచా తిని, హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. లోపల్నించి చిన్న స్టీలు డబ్బా, అందులో ఆవకాయ. నాకు ఒక్క క్షణం సిగ్గేసింది, నిజం చెప్పాలి కదా. ఆ తెల్లటి ముద్ద మధ్యలో గుంట చేసి, వీళ్ళు గ్రేవీ పోసుకునే చోట, ఎర్రటి నూనె రెండు చెంచాలు వేసుకుంది. పెద్దావిడ చూసి తన ప్లేటు జరిపారు. తర్వాత ఆ డబ్బా బల్లంతా తిరిగింది. ఆ చివర కూర్చున్న ఒకాయన దగ్గు ఆపుకోలేక మూడు గ్లాసుల నీళ్ళు తాగి, మళ్ళీ వేసుకున్నాడు.

నేను అప్పుడే ఫోటో తీశా. అమ్మ కూర్చుని ఉంది, ముందు ప్లేటు ఉంది, ప్లేటు నిండుగా ఉంది. నోట్లో ముద్ద ఉండగా ఏదో చెప్పబోతూ కళ్ళు సగం మూసుకుంది. అంత బాగాలేని ఫోటో అమ్మది ఇంకొకటి లేదు. డిలీట్ చెయ్యమని రెండుసార్లు అడిగింది, చెయ్యలేదు.

డిసెంబరు మొదట్లో వాళ్ళు వెళ్ళిపోయారు. సంక్రాంతికి తెనాలిలో మా ఇంటికి బంధువులు పదిమందికి పైగా వచ్చారట. కనుమ రోజు రాత్రి వీడియో కాల్ చేశా.

‘టిఫిన్‌కి ఏం చేశావమ్మా?’

‘పూరీలు.’

‘నువ్వు ఎన్నింటికి తిన్నావు?’

‘తిన్నాలేరా.’

వెనకనుంచి నాన్న గొంతు: ‘పన్నెండున్నరకి.’

పూరీని ముందురోజు చేసి పెట్టే పద్ధతి లేదు, వెతికా. పిండి కలిపి పెట్టుకోవచ్చు, అంతవరకే. మూకుడు ముందు ఎవరో ఒకరు నిలబడాల్సిందే. జూలైలో ఇండియా వెళ్తున్నా, టికెట్ బుక్ చేశా. ప్రతి శనివారం పొద్దున్న ఇక్కడ పిండి కలిపి, వత్తి, వేస్తున్నా. మొదటివారం అన్నీ అప్పడాలే. నూనె బాగా కాగాక వెయ్యాలని, వేసిన వెంటనే గరిటెతో పైనుంచి మెల్లగా అదమాలని ఫోన్లో చెప్తోంది అమ్మ, ఎందుకు నేర్చుకుంటున్నావని మాత్రం అడగలేదు. ప్రస్తుతానికి పది వేస్తే ఆరు పొంగుతున్నాయి.